గోడలోని గొట్టం

ఒక్క పౌండుకి ఇచ్చారు మాకు.
మూడు తాళంచెవులు, రెండు చీపుర్లు,
పదకొండు పేజీల ఒప్పందం,
అబెర్‌వెన్నో రేవు పక్కన
రెండు తలుపుల మరుగుదొడ్డి.

నవ్వకండి.
కొండ మీది పల్లెల నుంచి నలభై నిమిషాలు బస్సులో కుదుపులు తిని
బుధవారం సంతకి దిగే ఎలునెడ్
ముందు చూసేది సముద్రాన్ని కాదు,
మా తలుపు తెరిచుందా అని.

కౌన్సిల్‌కి డబ్బు లేదు.
రిటైరైన మాకు పొద్దుపోదు.
ఈ రెండు లేములకీ ముడిపెట్టి
భాగస్వామ్యం అన్నారు.
సంతకాల రోజు టీ మాది, బిస్కట్లు వాళ్లవి.
అధికారి హ్యూ మంచివాడు.
తన కుర్చీ కూడా ఏప్రిల్ దాకానేనని
బిస్కట్టు టీలో ముంచుతూ చెప్పాడు.

నెస్టా రాలేదు ఆ రోజు.
పంతొమ్మిదేళ్లు ఆ గచ్చు కడిగింది, జీతానికి.
మేం వచ్చాక ఆ జీతం పోయింది.
కాదు, జీతం పోయాకే మేం వచ్చాం.
ఏది ముందో నేనిప్పటికీ సరిగ్గా చెప్పలేను.
కేకు పట్టుకుని వెళ్లాను వాళ్లింటికి,
వాలంటీరుగా రమ్మందామని.
కేకు తీసుకుంది.
"మొన్నటిదాకా గంటకింతని కొన్న చేతుల్ని
ఇవాళ పుణ్యానికి అడుగుతున్నారా?"
తలుపు మాత్రం నెమ్మదిగానే వేసింది.

సోమవారం ఇద్వల్, గురువారం నేను.
డబ్బాలో ఇరవై పెన్నీల బిళ్లలు,
అప్పుడప్పుడు ఒక కోటు గుండీ.
గచ్చు మెరిసేది కాదు.
ఏ మూల ఎలా రుద్దాలో
ఆ పదకొండు పేజీల్లో లేదు.

జనవరిలో ఊరు గడ్డకట్టింది.
రాత్రి పదకొండింటికి గొట్టం పగిలింది.
గోడకి బయటిది కౌన్సిల్‌ది,
లోపలిది సంఘానిదట, ఏడో పేజీలో.
గొట్టం గోడలో ఉంది.

ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని సామెత.
మా గొడ్డు చావకుండా
రేవు మెట్ల మీదికి పరిగెత్తింది,
పరిగెత్తినచోటల్లా మంచయింది.
నైటు డ్రెస్సు మీద కోటు తొడుక్కుని హ్యూ వచ్చాడు.
చీలమండల లోతు నీళ్లలో నిలబడి
టార్చి వెలుగులో ఇద్దరం పేజీలు తిప్పాం.
వాల్వు ఎక్కడుందో ఏ పేజీలోనూ లేదు.
ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా
ఇద్దరం ఒకేసారి ఒక పేరన్నాం.

ఫోనెత్తింది. పావుగంటలో వచ్చింది.
రెండో గదిలో, కిటికీ కింద మూడో పలక.
ఉద్యోగం పోయిన రోజు తిరిగివ్వని స్పానరుతో
పలక లేపి, ఎడమకి రెండు తిప్పులు.

నీళ్లు ఆగాక వచ్చిన నిశ్శబ్దంలో
"బిల్లు పంపిస్తా" అంది.

పంపింది కూడా.
ఒక గంట, రాత్రి రేటు.
చెప్పులు తడిసినందుకు నాలుగు పౌండ్లు.
మూడు వారాలు ఉత్తరాలు నడిచాయి, ఎవరు కట్టాలని.
మూడు బుధవారాలు తలుపుకి తాళం,
మూడు బుధవారాలు ఎలునెడ్ బస్సెక్కలేదు.
రాని మనుషుల్ని లెక్కపెట్టే రిజిస్టరు
వాళ్ల దగ్గరా లేదు, మా దగ్గరా లేదు.
చివరికి సగం సగం కట్టాం.
ఒప్పందం మొదలయ్యాక
మేం నిజంగా పంచుకున్నది అదొక్కటే.

ఇప్పుడు పన్నెండో పేజీ ఉంది.
వాల్వు బొమ్మ, నెస్టా గీసింది, కొంచెం వంకరగా.
దాని కింద రెండు లైన్లు:
గోడలో ఉన్నది ఇద్దరిదీ.
మంగళ, శుక్రవారాలు నాలుగేసి గంటలు, జీతానికి.
మార్చి దాకా.
మార్చి తర్వాత సంగతి
హ్యూకి తెలియదు, నాకూ తెలియదు.

నిన్న బుధవారం.
ఎలునెడ్ బస్సు దిగి
"ఇన్నాళ్లూ ఎందుకు మూశారు?" అని గద్దించింది.
చెప్పబోయాను, ఏడో పేజీ నుంచి మొదలుపెట్టి.
అప్పటికే లోపలికి వెళ్లిపోయింది.
గడియ పడిన చప్పుడు.